మా వరండాలో దిగినవాళ్ళు

పోయిన ఆదివారం మా సంఘంలో కుర్ర పాస్టరుగారు నన్ను పట్టుబట్టి లేపి నిలబెట్టారు. ఆ రోజు ప్రసంగం ఆతిథ్యం గురించి. "వీరి తల్లిగారు ఆ రోజుల్లో ఊరి నుంచి వచ్చిన మనవాళ్ళందరికీ అన్నం పెట్టారట. ఆమె గురించి రెండు మాటలు చెప్పండమ్మా" అని మైకు నా చేతికిచ్చారు. మా అమ్మ మంచిది, ఎవరొచ్చినా పెట్టేది అని చెప్పి కూర్చున్నాను. అందరూ ఆమేన్ అన్నారు. పక్కనున్న నా మనవరాలు మాత్రం "ఎయిటుకూ?" అంది చిన్నగా. ఇంతేనా అని, బెంగాలీలో.

ఇంతే కాదు. మిగిలింది అక్కడ చెప్పడానికి నోరు రాలేదు. ఆ వరసల్లో కూర్చున్నవాళ్ళలో ఆనాటి వాళ్ళ కొడుకులూ కోడళ్ళూ ఉన్నారు. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను.

మేముండేది కలకత్తాలో, మునిసిపాలిటీ పనివాళ్ళకిచ్చిన క్వార్టర్లలో. లైను అనేవాళ్ళం. ఎర్ర ఇటుకల పొడుగాటి వరస. ఇంటికొక గది, గది ముందు చిన్న వరండా, లైను చివర అందరికీ కలిపి ఒక కుళాయి. గేటు దాటితే బెంగాలీ, గేటు లోపల మన భాష. అందరం శ్రీకాకుళం వైపు ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళమే.

నాన్నది మురుగు కాలవల గ్యాంగులో పని. తెల్లారకుండా వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేవాడు. వచ్చీరాగానే కుళాయి దగ్గర ముందు బట్టల సబ్బుతో, తర్వాత వాసన సబ్బుతో రుద్దుకుని, ఆ పైన చేతులకి ఆవనూనె పట్టించుకుంటే తప్ప నన్ను ముట్టుకునేవాడు కాదు. నాన్న అంటే నాకు ఇప్పటికీ ఆవనూనె వాసనే.

అమ్మ అంటే ఎండు చేపల వాసన. ఊరి నుంచి ఎవరో ఒకరు తెచ్చిన ఎండు నెత్తళ్ళు అమ్మ పెనం మీద వేసిందంటే, గేటు దగ్గర బెంగాలీ దర్జీ ముక్కు మూసుకుని "దిదీ, ఆజ్ శుట్కీ?" అని కేకేసేవాడు. శుట్కీ అంటే ఎండు చేపలు, అవంటే వాడికి వాంతి. "నీ ఇలిశ చేప కంటే బాగుంటాది, తిని సూడు దాదా" అని అమ్మ తెలుగులోనే జవాబు చెప్పేది. వాడికి అర్థమయ్యేది కాదు, నవ్వేవాడు.

అన్నానికి బియ్యం పోసుకున్నప్పుడల్లా అమ్మ ఒక పిడికెడు తీసి సంఘం డబ్బాలో వేసేది. అది మన విశ్వాసుల ఇళ్ళల్లో ఉన్నదే. మా ఇంట్లో ఇంకొక డబ్బా కూడా ఉండేది. అందులోనూ ఒక పిడికెడు. అది ఎవరి కోసమో అమ్మకీ తెలియదు, ఆ పూట ఎవరొస్తే వాళ్ళ కోసం. నాయనమ్మకి అది చూస్తే ఒళ్ళు మండేది.

"దేవుడికొక పిడికిలి, దారినపోయేవోడికొక పిడికిలి. మరి నా మనవరాలి కంచంలోకేటి మిగుల్తాదే?"

"మిగుల్తాది అత్తా. ఎప్పుడైనా మిగల్లేదేటి?"

"ఏటి మిగిలినాదో నాకు తెల్దేటి! గంజి మిగిలినాది."

ఒక ఆదివారం సంఘపెద్ద గృహనిర్వాహకుడి గురించి బోధించాడు. పరాయివాడి ఇల్లు నమ్మకంగా చూసుకునేవాడని అర్థం చెప్పాడు. అమ్మకి చదువు రాదు. ఆ మాట ఆమెకి ఎంత నచ్చిందో, దారి పొడుగునా నోట్లో నానబెట్టుకుంటూ వచ్చింది. ఎంత ప్రయత్నించినా నోరు పూర్తిగా తిరగలేదు. "మనం నిరవాకులమే అమ్మీ" అంది నాతో. "ఈ ఇల్లు మనది కాదు, దేవుడిది. ఆయన పంపినోళ్ళని ఒద్దనడానికి మనమెవులం?"

"ఆ ముక్క సూపరవైజరు బాబుతో అనీకు. ఇల్లు దేవుడికిచ్చీసి నువ్వెల్లు అంటాడు" అన్నాడు నాన్న. ఆ రోజు అందరం పగలబడి నవ్వాం.

అలా వచ్చినవాళ్ళు ఎంతమందో. ఊరి రైలు హౌరాలో దిగేది. దిగినవాళ్ళకి ఈ మహానగరంలో తెలిసిన పేరు మా నాన్నది. పెద్దాసుపత్రిలో చూపించుకోడానికి వచ్చిన ముసలివాళ్ళు, పని వెతుక్కుంటూ వచ్చిన కుర్రాళ్ళు, మొగుడు కొడితే పారిపోయి వచ్చిన పిల్ల, హార్మోనియం మోసుకుని తిరిగే ఒక బోధకుడు. వరండాలో నులకమంచం వాళ్ళది. ఎవరూ లేని రోజు కూడా దాని మీద మమ్మల్ని పడుకోనిచ్చేది కాదు అమ్మ. వాళ్ళ సంచుల్లోంచి జంతికలు, తేగలు, తాటి తాండ్ర, అడుగున చింతపండు ముద్ద బయటికొచ్చేవి. తాటి తాండ్ర వాసనకి లైను పిల్లలందరూ మా గుమ్మంలో మూగేవాళ్ళు.

నచ్చిన చుట్టం వెళ్ళిపోతానంటే నేనూ పక్కింటి పిల్లా కలిసి అతని చెప్పుల్లో ఒకటి బొగ్గుల డబ్బాలో దాచేసేవాళ్ళం. రైలు తప్పిపోతే ఇంకొక రోజు ఉంటారు కదా. నచ్చనివాళ్ళవైతే రెండు చెప్పులూ శుభ్రంగా తుడిచి, గేటు వైపు తిప్పి గుమ్మంలో పెట్టేవాళ్ళం. హార్మోనియం బోధకుడికి అదే మర్యాద చేశాం. ఆయన వాక్యాలు అప్పజెప్పమని చెంపలు గిల్లేవాడు. నాన్న ఆ చెప్పులు చూసి, మమ్మల్ని చూసి, నవ్వు కనబడకుండా గోడ వైపు తిరిగిపోయాడు.

ఒక వానాకాలం వీధంతా మోకాలి లోతు నీళ్ళు. మనిషి లాగే రిక్షాలు తప్ప ఏదీ కదలడం లేదు. అలాంటి రిక్షాలో ఒక మనిషిని పడుకోబెట్టి, వెనక నుంచి తోసుకుంటూ వచ్చాడు నాన్న. ఇరవై దాటిన కుర్రాడు. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. మా పక్క ఊరివాడట. నదికి అవతల జనపనార మిల్లులో పనికని వచ్చాడు. మిల్లుకి తాళం పడింది. పచ్చకామెర్లు రాగానే, గదిలో కలిసి ఉంటున్నవాళ్ళు అంటుకుంటుందని బయటికి పంపేశారు. హౌరా స్టేషన్లో ఒక మూల ముడుచుకుని పడుంటే తెలుగులో మూలుగు వినపడి నాన్న ఆగాడు.

"కామెర్లు! ఓలమ్మో, పిల్ల తిరిగే కొంపే ఇది!" అని నాయనమ్మ గుండె బాదుకుంది.

"ఆ మాట అనే ఆలు గెంటీసినారు అత్తా. మనమూ గెంటీస్తే ఇంకెక్కడికెల్తాడు?" అంటూ అమ్మ అప్పటికే మంచం మీద దుప్పటి పరుస్తోంది.

ఆ వానలన్నాళ్ళూ మా ఇంట్లో పోపు చిటపటలాడలేదు. నూనె వాసన తగిలితే అతనికి కడుపులో తిప్పేది. అతనికి జావ, చెరకు రసం, ముల్లంగి ఆకు పసరు. మాకు చప్పటి పప్పూ అన్నం. దర్జీ కూడా గేటు దగ్గర నాన్నని ఆపి, ఇంట్లో ఎవరికి బాగాలేదు, శుట్కీ వాసనే రావడం లేదు అని అడిగాడట. అతను కక్కింది అమ్మే ఎత్తేది. తన చీర చెంగుతోనే అతని మూతి తుడిచేది.

"అక్కా, నన్ను కన్న తల్లి కూడా ఇంత సెయ్యలేదు" అనేవాడు అతను కళ్ళనీళ్ళతో.

"ఊరుకో తమ్ముడూ. బేగి లెగిసి తిరుగు, అదే సాలు."

అమ్మకి తమ్ముడు కాబట్టి నాకు మావయ్య.

లేచి కూర్చునే ఓపిక రాగానే మావయ్య నాకు తెలుగు అక్షరాలు నేర్పడం మొదలెట్టాడు. నేను వెళ్ళే బడిలో హిందీ, వీధిలో బెంగాలీ. తెలుగు నాకు చెవులకే తెలుసు, కళ్ళకి తెలియదు. వరండా గోడ మీద బొగ్గు ముక్కతో రాసి, నా చెయ్యి పట్టుకుని దిద్దించేవాడు. క్షమలో 'క్ష' రావడానికి నాకు చాలా రోజులు పట్టింది. విసుక్కునేవాడు కాదు. ఆ ఏడాది చివరికి కుటుంబ ప్రార్థనలో బైబిలు నేనే చదివాను. అమ్మ మురిసిపోయి మావయ్యకి నమస్కారం పెట్టింది. ఇప్పుడు రాస్తున్న ఈ అక్షరాలు ఆయన పెట్టిన భిక్షే. దాన్ని ఏం చేసుకోవాలో నాకు ఇవాళ్టికీ తెలియదు.

ఒళ్ళు కుదుటపడ్డాక ఊరెళ్ళిపోతానన్నాడు. వెంటనే ఒక చెప్పు బొగ్గుల డబ్బాలోకి వెళ్ళింది. అంతా వెతికి, నా మసి చేతులు చూసి, గుమ్మంలో కూలబడి నవ్వాడు. "ఎల్లొద్దంటన్నావేటే? అయితే ఎల్లనులే."

వెళ్ళలేదు. నాన్న బతిమాలి బతిమాలి అతన్ని తన గ్యాంగులోనే బదిలీ పనివాడిగా, అంటే రానివాళ్ళ బదులు పనిచేసేవాడిగా, పెట్టించాడు. మావయ్యది చురుకైన బుర్ర. ఏడాది తిరక్కుండా బెంగాలీ బెంగాలీవాళ్ళలాగే మాట్లాడేవాడు. సందు మొగలో పార్టీ ఆఫీసు ఉండేది. లైనులో ఇళ్ళ తగువులు తేలేది అక్కడే. సాయంత్రాలు అక్కడి బల్ల మీద మట్టి కప్పులో టీ తాగుతూ కనబడేవాడు. ఊరేగింపులో ఎర్రజెండా పట్టుకుని ముందు నడిచేవాడు. లైనులో కుళాయి చెడితే మేస్త్రీని తెచ్చేది ఆయనే, ఆసుపత్రిలో మంచం కావాలంటే మాట్లాడేది ఆయనే. సంఘంలోనూ ముందు వరసకి వచ్చాడు. "మా తమ్ముడు" అని చెప్పుకోవడం అమ్మకి పండగ.

పెళ్ళి కూడా అమ్మే చేసింది. పిల్లది మా లైనే. వేరే ఇల్లు దొరికేదాకా అని వరండా చుట్టూ వెదురు తడకలు కట్టించి వాళ్ళకిచ్చింది. దానితో ఊరి నుంచి వచ్చేవాళ్ళు మా గదిలోకి మారారు. మంచం కింద ఒకరు, మంచం పక్కన ఒకరు. అది మావయ్యకి నచ్చేది కాదు.

"అక్కా, ఎవర్ని పడితే ఆల్ని రానీకు. రోజులు బాగోలేవు."

"నువ్వొచ్చిన్నాడు బాగున్నాయేటి తమ్ముడూ?" అని అమ్మ నవ్వేసింది. మావయ్య నవ్వలేదు. ఆ సంగతి నాకెందుకో అప్పుడే గుర్తుండిపోయింది.

ఆ తర్వాత నాన్నకి దగ్గు పట్టుకుంది. కాలవల్లోని ఆ గాలి ఊపిరితిత్తుల్లోకి దిగిపోయిందన్నారు. దుర్గా పూజలకి వీధిలో వెదురు బొంగులు పాతి పందిళ్ళు లేపుతున్న రోజుల్లో, ఆసుపత్రిలో పోయాడు. డోలు మోతల మధ్యనుంచి నాన్నని తీసుకెళ్ళాం. మావయ్య శవపెట్టెకి ముందు వైపు భుజం పట్టాడు, వెక్కి వెక్కి ఏడ్చాడు. అది దొంగ ఏడుపని నేను ఇప్పటికీ అనుకోను.

పనిలో ఉన్న మనిషి పోతే భార్యకి పని ఇవ్వడం అలవాటు. పనితో పాటు ఇల్లూ ఉంటుంది. అందుకని అమ్మ బెంగపడలేదు. "మాటాడ్డానికి తమ్ముడున్నాడు కదా" అనేది. "నువ్వు కంగారు పడకక్కా, నాను సూసుకుంటాను" అనేవాడు మావయ్య.

ఒక సాయంత్రం పార్టీ ఆఫీసుకి రమ్మని కబురొచ్చింది. అమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. గోడల మీద గడ్డాల పెద్దమనుషుల బొమ్మలు. బల్ల వెనక పార్టీ దాదా. మెత్తగా మాట్లాడే మనిషి, ఆడవాళ్ళందరినీ బౌది అని, అంటే వదినా అని, పిలిచేవాడు. బెంచీ మీద మా సంఘపెద్ద. గుమ్మంలో, కిటికీ దగ్గర లైనువాళ్ళు. అందరి మధ్య నిలబడి మావయ్య బెంగాలీలో మొదలుపెట్టాడు.

అమ్మకి బెంగాలీ బజారు మేరకే వచ్చు. నాకు బాగా వచ్చు. అందుకని ఆ మాటలు అమ్మ కంటే ముందు నాకు తగిలాయి.

ఆ క్వార్టరుని సత్రంలా నడిపారన్నాడు. బయటి మనుషుల్ని పెట్టుకోవడం నిబంధనలకి విరుద్ధమన్నాడు. రోగాలవాళ్ళని తెచ్చి పిల్లలు తిరిగే చోట పెట్టారన్నాడు. తాను ఉద్యోగంలో ఉన్నవాణ్ణని, ఆ ఇంట్లోనే ఏళ్ళ తరబడి ఉంటున్నానని, భార్య కడుపుతో ఉందని, న్యాయంగా ఆ ఇల్లు తన పేర రాయాలని అన్నాడు. అక్కడ ఒక్కసారి కూడా అక్క అనే మాట వాడలేదు. "ఒయీ మోహిలా" అన్నాడు. ఆ స్త్రీ అని.

"ఏటంటన్నాడే?" అని అమ్మ నా చెవిలో అడిగింది. తమ్ముడు తన తరఫునే మాట్లాడుతున్నాడని ఆమె ముఖంలో ఇంకా సంతోషం ఉంది. నేను తెలుగులోకి మార్చి చెప్పలేకపోయాను.

దాదాయే అమ్మకి తెలిసేలా హిందీ కలిపి, నెమ్మదిగా అడిగాడు. "బౌది, నిజం చెప్పండి. మీ ఇంట్లో బయటివాళ్ళని ఉంచారా?"

అప్పుడు అర్థమైంది అమ్మకి. మావయ్య వైపు చూసింది. అతను గోడ మీది బొమ్మల వైపు చూస్తున్నాడు.

"ఉంచినాను బాబూ" అంది.

"ఎవరిని?"

అమ్మ తల తిప్పి గదంతా చూసింది. బెంచీ మీది సంఘపెద్ద కొత్తగా ఊరి నుంచి వచ్చినప్పుడు నిద్రపోయింది మా నులకమంచం మీదే. కిటికీ దగ్గరున్నవాడు మా ఇంట్లో ఉంటూనే ఆసుపత్రికి తిరిగాడు. గుమ్మంలో ఉన్న ఆవిడ మొగుడు కొడితే పారిపోయి వచ్చిన పిల్ల. అందరూ తలలు దించుకున్నారు. సంఘపెద్ద కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడవడం మొదలుపెట్టాడు, అది ఎంతకీ శుభ్రం కాలేదు.

నాకు ఆవేశం ఆగలేదు. "ఇతన్ని! మొదట ఇతన్నే..." అని బెంగాలీలో అరిచాను. ఇంకో మాట వచ్చేలోపు అమ్మ అరచెయ్యి నా నోరు మూసేసింది. గిన్నెలు తోమిన బూడిదా, చింతపండూ కలిసిన వాసన. ఎంత గింజుకున్నా ఆ చెయ్యి తియ్యలేదు.

అమ్మకి పని వస్తుందన్నారు. ఇల్లు మాత్రం మావయ్యకి రాశారు. ముందు ముందు ఎక్కడైనా ఖాళీ అయితే చూద్దామన్నాడు దాదా, చాలా మర్యాదగా.

తిరిగి వచ్చేటప్పుడు సందులో అమ్మ చెయ్యి విదిలించుకున్నాను. "ఎందుకు మూసినావు నా నోరు?"

"ఆలందరి పేర్లు సెప్తే? ఆలూ సుట్టాల్ని పెట్టుకున్నోళ్ళే. రేపు ఆల ఇల్లూ పోతాయి."

"పోనీ! మనదెవులు ఆపినారు?"

ఆ సాయంత్రం నాకు మావయ్య మీద ఎంత కోపం వచ్చిందో, అమ్మ మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. మావయ్య చేసింది నాకు అర్థమైంది. ఇల్లు కావాలి, తీసుకున్నాడు. నా నోరు మూసిన ఆ చెయ్యే అర్థం కాలేదు. నా వైపు నిలబడాల్సిన మనిషి వాళ్ళ వైపు నిలబడింది అనిపించింది.

ఇల్లు ఖాళీ చేసిన రోజు సామాను తోపుడు బండి ఎక్కించాక, అమ్మ గది ఊడ్చి తడిగుడ్డ పెట్టింది. కుళాయి నుంచి బిందెలతో మోసి నీళ్ళ డ్రమ్ము నింపడం మొదలెట్టింది.

"ఆడికి నీల్లు కూడా ఎడతన్నావేటే? సిగ్గునేదేటి నీకు?" అని నాయనమ్మ బండి మీద నుంచి అరిచింది.

"ఆడి పెల్లానికి నిండు నెలలు అత్తా. బరువు మొయ్యలేదు."

కొత్త ఇల్లు ఖాల్ ఒడ్డున, అంటే మురుగు కాలవ గట్టు మీద, వెదురు గోడల గది. నాన్నని తిన్న కాలవ వాసన మళ్ళీ మా కంచాల దాకా వచ్చింది. అమ్మ తెల్లవారుజామునే రోడ్లు ఊడవడానికి వెళ్ళేది. లైనువాళ్ళు అప్పుడప్పుడు వచ్చేవారు. ఒకరు ఆనపకాయ, ఒకరు పాత రగ్గు తెచ్చేవారు. ఆ సాయంత్రం మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. అమ్మా ఎత్తలేదు. అమ్మ పెట్టిన టీ తాగి వెళ్ళిపోయేవారు.

క్రిస్మస్ వచ్చింది. సంఘం ప్రేమవిందుకి ఎప్పుడూ వంట అమ్మదే. ఈసారి వెళ్ళొద్దని కాళ్ళావేళ్ళా పడ్డాను. "నాను వొండేది ఆలకి కాదే" అని పొద్దున్నే వెళ్ళి పొయ్యి రాజేసింది. పలావు, మాంసం, వంకాయ కూర, పప్పుచారు. భోజనాలకి ముందు పాస్టరుగారు అమ్మని పేరు పెట్టి పిలిచి, నిజమైన గృహనిర్వాహకురాలంటే ఈమే అని అందరికీ చూపించారు. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది సంఘపెద్ద. నాకు ఆ ఆవరణ అంతా పొగచూరినట్టు కనబడింది.

ఎండలో చాపలు పరిచి, విస్తరాకులు వేశారు. అమ్మే స్వయంగా వడ్డించింది. మూడో వరసలో మావయ్య, అతని భార్య, ఒళ్ళో పసిపిల్లాడు. నేను నీళ్ళ జగ్గు పట్టుకుని అమ్మ వెనకే ఉన్నాను, అందుకే అంతా చూశాను. అమ్మ విస్తరి దాటే ముందు ప్రతి మనిషినీ "ఇంకొంచెం ఎయ్యమంటావా?" అని అడిగేది. అది ఆమెకి ఊపిరి తీసినట్టు. ఆ రోజూ అందరినీ అడుగుతూనే వచ్చింది. మావయ్య భార్యని అడిగింది. పిల్లాడి బుగ్గ తట్టింది. మావయ్య విస్తరిలో అందరికీ వేసినంత పలావు వేసింది, అందరికీ వేసినన్ని ముక్కలే వేసింది, తల ఎత్తకుండా పక్క విస్తరి దగ్గరికి జరిగింది.

"అక్కా" అన్నాడు మావయ్య.

అమ్మ అప్పటికే పక్క మనిషిని అడుగుతోంది.

మావయ్యకి ఆ తర్వాత ఏ కీడూ జరగలేదు. లైనుకి నాయకుడయ్యాడు, పిల్లల్ని చదివించాడు, ఎర్రజెండాలు దిగిపోయేదాకా పార్టీలో ఉన్నాడు, ఆ ఇంట్లోనే పోయాడు. అంత్యక్రియలకి అమ్మ వెళ్ళి వచ్చింది. నేను వెళ్ళలేదు.

అమ్మ చివరి రోజుల్లో నా దగ్గరే ఉంది. ఒక మధ్యాహ్నం అన్నం కలిపి తినిపిస్తూ అడిగేశాను. "అమ్మా, ఆ క్రిస్మస్ నాడు అందరినీ అడిగినావు. మావయ్యనెందుకు అడగలేదు?"

మరిచిపోయి ఉంటుందనుకున్నాను. ముద్ద మింగింది.

"అడిగితే మొకం సూడాలి కదే" అంది. "కూడు ఎట్టగలిగినాను. మొకం సూడ్లేకపోయినాను."

ఇంకో ముద్ద పెట్టబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టి, గోడ వైపు తిరిగి ఏడ్చింది. ఆ విషయానికి మా అమ్మ ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. మోసపోయింది నేనొక్కదాన్నే అనుకుంటూ అన్నేళ్ళు ఆమె పక్కనే బతికాను.